ఊరి పాటను విడుదల చేసే ముందు: పర్లాకిమిడి, గుణుపురం ప్రాంతాల తెలుగు యువత కోసం

ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దు పక్కన, వంశధార, మహేంద్రతనయ నదులకు అటూ ఇటూ ఉన్న మన తెలుగు ఊళ్లలో, పర్లాకిమిడి నుంచి కాశీనగరం, గుణుపురం మీదుగా రాయగడ దాకా, పాత పాటలు నోటికి వచ్చిన పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. ఆ పాటలను ఫోనులో పట్టి పదిమందికి వినిపించాలన్న ఉత్సాహం గల పిల్లలూ ఇప్పుడు తయారయ్యారు. ఈ ఉత్సాహం నాకు ఎంతో సంతోషం కలిగిస్తుంది. అయితే ఊడ్పు పాట గాని, దంపుళ్ళ పాట గాని, జముకు అనే తంత్రి వాద్యంతో చెప్పే జముకుల కథలోని ఒక ఘట్టం గాని ఊరి పొలిమేర దాటి మార్కెట్టులో అడుగుపెట్టగానే అది ఎవరిదన్న ప్రశ్న పుడుతుంది. ఆ ప్రశ్నకు సంగీత పరిశ్రమ కాగితం మీద ఉన్న పేరును చూసి సమాధానం చెబుతుంది. ఏ అవ్వ నోట విని ఎవరు నేర్చుకున్నారన్నది దాని లెక్కలోకి రాదు. అందువల్ల పాటను విడుదల చేయడానికి ముందు ఏయే పనులు ఏ వరుసలో చేయాలో, ఎందుకు చేయాలో ఇక్కడ వివరిస్తున్నాను.

పరిశ్రమ చేతిలో పాట ఎలా మారుతుంది

మన దేశంలో వ్యాపారం కోసం పాటల రికార్డింగు 1902లో కలకత్తాలో మొదలైంది. ఆనాటి గ్రామఫోను పళ్లెంలో ఒక వైపుకు సుమారు 3 నిమిషాల పాట మాత్రమే పట్టేది కాబట్టి, గంటసేపు సాగే రాగాన్ని సైతం విద్వాంసులు ఆ 3 నిమిషాలలో ముగించడం నేర్చుకున్నారు. యంత్రానికి ఉన్న పరిమితి క్రమంగా వినేవారి అలవాటుగా మారింది. పళ్లేలు పోయి ఎన్ని దశాబ్దాలైనా మన సినిమా పాట దాదాపు ఆ కొలతలోనే నడుస్తోంది. 1980లలో చౌకగా వచ్చిన క్యాసెట్ల వల్ల చిన్న ఊళ్ల పాటలకు, యాసలకు మొదటిసారి మార్కెట్టు దొరికింది. ఇప్పుడు రీల్స్ వచ్చి, పాటలో అర నిమిషం పాటు పట్టుకునే ముక్క ఏదన్నదే ప్రధానం చేశాయి.

దీని ప్రభావం ఊడ్పు పాట మీద ఎలా ఉంటుందో చూడండి. నాట్లు వేసేటప్పుడు ఒకామె ఒక చరణం అందుకుంటుంది, మిగిలినవారు వంగిన నడుము ఎత్తకుండానే దానిని తిరిగి పలుకుతారు, పలుకుతూ ఒక అడుగు వెనక్కు వేస్తారు. మడి ఎంత పొడవుంటే పాట అంత పొడవు సాగుతుంది. గట్టు మీద వెళ్లే బావగారి పేరు, ఆలస్యంగా వచ్చిన కోడలి సంగతి, కూలి సరిగా ఇవ్వని ఆసామి ప్రస్తావన అప్పటికప్పుడు చరణాలుగా చేరిపోతాయి. ఇదే పాట స్టూడియోకు వెళితే తిరిగి పలికే పంక్తి ఒక్కటే మిగులుతుంది, దాని కింద కంప్యూటరు బీటు చేరుతుంది, ఆసామి మీద వేసిన చరణం ముందుగా పోతుంది. ఆ తరువాత ఊరి పిల్లలు నేర్చుకునేది స్టూడియో పాటనే. పెళ్లిలో అవ్వ అసలు పాట ఎత్తుకుంటే "అలా కాదు మామ్మా" అని సరిదిద్దేది కూడా వాళ్లే. సమాజం మీద సంగీత పరిశ్రమ ప్రభావం అంటే సినిమా పాటల్లోని అసభ్యత గురించే మాట్లాడుతుంటారు గాని, సొంత పాటను ఊరే తప్పుగా ఎంచే ఈ స్థితి అంతకంటే లోతైనదని నా అభిప్రాయం.

రెండో పక్క కూడా చెప్పాలి. ఒడియా మాధ్యమంలో చదివే మన పిల్లల్లో చాలామంది తెలుగు చక్కగా మాట్లాడగలరు గాని రాయలేరు. వారిని తెలుగుకు దగ్గరగా ఉంచుతున్న వాటిలో పాట ముఖ్యమైనది. మన పాట శ్రీకాకుళంలోనూ విశాఖలోనూ వినబడినప్పుడు, సరిహద్దుకు ఇవతల కూడా తెలుగు బతికే ఉందన్న సంగతి అక్కడివారికి తెలుస్తుంది. కాబట్టి విడుదల మానుకోమని నేను చెప్పను, జాగ్రత్తగా విడుదల చేయమని కోరుతున్నాను.

బయటికి రావలసిన పాట ఏది, రాకూడనిది ఏది

ప్రతి పాటా అందరి కోసం పుట్టింది కాదు. పెళ్లి రాత్రి ఆడవాళ్లు తమలో తాము వియ్యంపురాలిని ఆటపట్టిస్తూ పాడే పాటలు ఆ గదిలో నవ్వు పుట్టిస్తాయి. అవే తెరమీదికి వస్తే ఒక కుటుంబానికో కులానికో అవమానంగా మారి, పాడిన ఆడవాళ్ల మీదికే తగాదా వస్తుంది. సవర గిరిజనుల గూడేలలో చనిపోయినవారిని పిలిచి మాట్లాడించే పూజలలో పాడేవి ఆ ఇంటివారి దుఃఖానికి సంబంధించినవి. వాటిని ఛానెల్ కోసం అడగడమే మర్యాద కాదు. పాడేవారిని ముందు ఇలా అడగండి: "ఈ పాట మీరు ఎవరి ముందు పాడరు?" వచ్చిన జవాబును బట్టి పాటను ఎంచుకోండి.

ఎంచుకున్న పాట చట్టం దృష్టిలో ఎక్కడ నిలుస్తుందో తరువాత తేల్చుకోవాలి. కర్త ఎవరో తెలియని సంప్రదాయ పాట మీద ఎవరికీ కాపీరైటు ఉండదు, మీకూ ఉండదు. మీ ఊరిలోనే ఎవరో కట్టిన పాట అయితే, దాని మీద హక్కు ఆయన జీవించినంత కాలమూ, మరణించాక మరో 60 ఏళ్లూ ఉంటుంది. ఆయన పోయి ఉంటే వారసుల అనుమతి కావాలి. భజన బృందాలలో తాతలు కట్టారని చెప్పే పాటలు చాలా వరకు ఈ రకానికి చెందుతాయి కాబట్టి, ఎవరి తాత అన్నది ఓపికగా విచారించండి. మూడో రకం సినిమా వరసలో కట్టిన భక్తి పాట. మాటలు మనవే అయినా వరస మీద హక్కు వేరొకరిది. దానిని అనుమతి లేకుండా విడుదల చేస్తే హక్కుదారుల పాటలతో పోల్చి చూసే యూట్యూబు యంత్రాంగం, కంటెంట్ ఐడీ, పట్టుకునే అవకాశం ఉంది, పట్టుకోకపోయినా అది న్యాయం కాదు. ఈ మూడో రకాన్ని గుడిలో హాయిగా పాడుకోండి, విడుదలకు మాత్రం వదిలేయండి.

అన్నిటికంటే ముందు కాగితం

1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం సౌండ్ రికార్డింగుకు యజమాని దానిని తయారు చేయించిన నిర్మాత, అంటే చొరవ తీసుకొని బాధ్యత వహించిన వ్యక్తి. ఆ హక్కు ప్రచురణ తరువాత 60 ఏళ్లు ఉంటుంది. దీని అర్థం ఏమిటంటే, మీరు ఫోను పట్టుకొని ఒక అవ్వ ఎదుట కూర్చున్నప్పుడు, ఆమె నోట వచ్చిన పాట రికార్డింగు చట్టం దృష్టిలో మీ సొత్తు అవుతుంది. ఆమె సంగతి ఏమిటి? గాయకులకు, వాద్యకారులకు అదే చట్టంలో ప్రదర్శకుల హక్కు అనే ప్రత్యేక హక్కు ఉంది. దాని గడువు ప్రదర్శన జరిగిన మరుసటి సంవత్సరం మొదలుకొని 50 ఏళ్లు. వారి సమ్మతి లేకుండా రికార్డు చేయడం, దానిని వాణిజ్యానికి వాడుకోవడం ఆ హక్కును భంగపరచడమే. 2012 సవరణ వచ్చాక, తమ పేరు చెప్పమని కోరే హక్కు, తమ గౌరవానికి భంగం కలిగేలా పాటను వికృతం చేస్తే అడ్డుకునే హక్కు కూడా వారికి స్పష్టంగా దక్కాయి. అయితే మన ఊళ్లలో పాడే ఆడవాళ్లలో ఈ సంగతి తెలిసినవారు లేరనే చెప్పాలి, కాబట్టి తెలిసినవారి మీద ఎక్కువ బాధ్యత ఉంటుంది.

ఒప్పందాన్ని రికార్డింగుకు కనీసం ఒక రోజు ముందు మాట్లాడండి. పాడిన తరువాత, చుట్టూ జనం ఉండగా కాగితం ముందు పెడితే ఎవరూ కాదనలేరు, అలా తీసుకున్న సమ్మతికి విలువ లేదు. తెలుగులో ఒక ప్రతి, ఒడియాలో ఒక ప్రతి రాయించండి, ఎందుకంటే రేపు ఏ నోటరీ దగ్గరికో పోలీసు స్టేషనుకో వెళ్లవలసి వస్తే అక్కడ ఒడియా ప్రతే పనికొస్తుంది. చదవడం రానివారికి ప్రతి వాక్యం చదివి వినిపించి, వారి మాటల్లోనే మళ్లీ చెప్పమనండి. వేలిముద్ర వేయించేటప్పుడు ఇద్దరు సాక్షులలో ఒకరు వారి తరఫువారై ఉండాలి.

కాగితంలో రాయవలసినవి ఇవి: పాడినవారి పేరు వారు కోరుకున్న రూపంలో, ఇంటిపేరుతో గాని, ఊరి పేరుతో గాని, ఏయే పాటలు, ఏ రోజున, ఎక్కడ పాడారు, ఎక్కడెక్కడ విడుదల చేస్తారు, ఎన్నేళ్లకు, వచ్చిన సొమ్ములో ఎవరి వాటా ఎంత, ప్రకటనకు గాని, పార్టీ ప్రచారానికి గాని, సినిమాకు గాని, రీమిక్సుకు గాని ఇవ్వాలంటే మళ్లీ అడగాలన్న షరతు. ఏళ్లు రాయకపోతే చట్టం ఆ బదిలీని 5 ఏళ్లకే పరిమితం చేస్తుంది, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే పరిమితం చేస్తుంది. ఈ రక్షణ మీరు ఏదైనా కంపెనీతో ఒప్పందం చేసుకునేటప్పుడు మీకూ వర్తిస్తుంది. అందుకే కంపెనీల కాగితాలలో "శాశ్వతంగా, ప్రపంచమంతటా, ఇప్పుడున్నవీ ఇకముందు రాబోయేవీ అయిన అన్ని మాధ్యమాలలో" అన్న వాక్యం తరచు కనిపిస్తుంది. ఆ వాక్యాన్ని కొట్టివేయమని అడగండి. వారు ఒప్పుకోకపోతే ఆ కంపెనీని వదులుకోవడమే మేలు. పాట మీ దగ్గర ఉన్నంతకాలం మరొక దారి దొరుకుతుంది.

వాటా విషయంలో నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను. ఖర్చులు పోగా మిగిలిన దానిలో సగానికి తక్కువ కాకుండా పాడినవారికీ వాయించినవారికీ చెందాలి. చీర పెట్టి, కొంత సొమ్ము చేతిలో ఉంచి, పని అయిపోయిందనుకునే పద్ధతి గౌరవంగా కనిపిస్తుంది గాని, పాటకు ఆదరణ పెరిగిన కొద్దీ అదే అన్యాయంగా మారుతుంది. సొమ్ము ఆమె సొంత బ్యాంకు ఖాతాలోనే వేయండి. కొడుకు ఫోనుకు పంపితే అది ఆమె చేతికి చేరిందో లేదో మీకు తెలియదు.

రికార్డింగు

కొత్తగా కట్టిన స్లాబు గదిలో పాట మోగుతుంది గాని స్పష్టంగా ఉండదు. ధాన్యం బస్తాలు పేర్చిన గది దొరికితే అంతకంటే మంచి స్టూడియో మన ఊళ్లలో లేదు, బస్తాలు ప్రతిధ్వనిని మింగేస్తాయి. రేకుల కప్పు కింద వానాకాలంలో ప్రయత్నించకండి. తెల్లవారగానే, రైసు మిల్లు మొదలు కాకముందు, ఫ్యాను ఆపి, ఫోనును విమానం మోడులో పెట్టి మొదలుపెట్టండి. యాప్‌లో వేవ్ ఫార్మాట్, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ ఎంచుకొని, గట్టిగా పాడినప్పుడు కూడా శబ్దస్థాయి చూపే ముల్లు సున్నా కంటే 12 డెసిబెల్స్ దిగువనే ఉండేలా చూసుకోండి. గొంతుకు జానెడున్నర దూరంలో మైకు ఉంటే చాలు. జముకు మాత్రం దగ్గరలో పెడితే గొంతును మింగేస్తుంది. దాని తోలుకు బిగించిన తంత్రిని లాగినప్పుడు వచ్చే గుమకకు చాలా బలం ఉంటుంది కాబట్టి వాయించేవారిని కనీసం మూడు నాలుగు అడుగులు వెనక్కు కూర్చోబెట్టండి.

అవ్వను ఒంటరిగా కూర్చోబెట్టి పాడించకండి. ఊడ్పు పాటలో జవాబు పలికే గొంతులు కూడా పాటలో భాగమే, తోడువాళ్లు లేకపోతే ఆమెకు చరణాలు గుర్తుకు రావు. మొదటిసారి పాడినప్పుడు చాలామంది రేడియోలో విన్న పద్ధతిలో గొంతు సన్నం చేసి పాడతారు; టీ ఇచ్చి, కబుర్లు చెప్పి, రెండోసారి అడగండి. వీలైతే నాట్ల రోజున పొలంలోనూ ఒకసారి పట్టండి. వంగి పనిచేస్తూ పాడే గొంతుకు, కూర్చొని పాడే గొంతుకు మధ్య తేడా మీకే తెలుస్తుంది.

ప్రతి పాట ముందు పాడేవారి నోటనే పేరు, ఊరు, తేదీ, పాట ఎవరి దగ్గర నేర్చుకున్నారు, రికార్డు చేయడానికి ఒప్పుకున్నారన్న సంగతి చెప్పించండి. కాగితం పోయినా ఈ అర నిమిషం మిగులుతుంది. అసలు ఫైలును చెరపకుండా మూడు చోట్ల దాచండి, ఒక ప్రతిని మెమరీ కార్డులో వేసి పాడినవారి ఇంటికి ఇవ్వండి.

వాద్యాలు చేర్చాలనుకుంటే మన ఊరి డప్పు, సన్నాయి వాయించేవారినే పిలవండి. పెళ్లిళ్లకు డీజే పెట్టెలు వచ్చాక ఈ మేళగాళ్ల రాబడికి గట్టి దెబ్బ తగిలింది. వీరిలో డప్పు వాయించేవారు ఎక్కువగా దళిత కుటుంబాలవారు. ఊరి పాటలోనూ డప్పు శబ్దాన్ని కంప్యూటరు నుంచి తెచ్చి వాడితే వారిని రెండోసారి ఇంటికి పంపినట్లే అవుతుంది. పెళ్లికి ఇచ్చే కూలికి తగ్గకుండా ఇవ్వండి, వారి పేర్లు కూడా కాగితంలో చేర్చండి. మేళంలో సినిమా పాట వాయిస్తే కేసు అవుతుందని వారిని భయపెట్టేవారు కొందరున్నారు. పెళ్లి ఊరేగింపులోనూ, పెళ్లికి సంబంధించిన వేడుకలలోనూ పాటలు వాయించడం ఉల్లంఘన కాదని చట్టంలోనే ఉంది, ఆ మాట వారికి చెప్పండి.

మాటలు రాసుకోవడం

మన ప్రాంతంలో ఈ పనికి ఆదర్శం వెతకడానికి దూరం వెళ్లనక్కరలేదు. గిడుగు వేంకట రామమూర్తి గారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ సవర భాష నేర్చుకొని, వారి పాటలూ కథలూ వారు పలికినట్లే రాసుకున్నారు. ఆయన సవర వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో వెలువడ్డాయి. మీరూ అదే పద్ధతి పాటించండి. అవ్వ "నాను" అంటే "నేను" అని దిద్దకండి, "ఏటి" అంటే "ఏమిటి" అని మార్చకండి. మధ్యలో వచ్చిన ఒడియా మాటను, సవర మాటను తెలుగు చేయకండి, ఆ కలగలుపే సరిహద్దు పాటకు గుర్తు. తెలుగు లిపి రాని పిల్లలు ఒడియా లిపిలో రాసుకున్నా తప్పులేదు, తరువాత ఎవరి చేతనైనా తెలుగులోకి ఎత్తి రాయించండి. మార్చకూడదన్న సూత్రం మిక్సింగుకూ వర్తిస్తుంది: గొంతును యంత్రంతో శ్రుతికి లాగకండి, తాళాన్ని బీటుకు కట్టేయకండి.

విడుదల, సొమ్ము

స్పాటిఫై, జియోసావన్ వంటి వేదికలకు పాట సాధారణంగా డిస్ట్రిబ్యూటర్, అంటే పాటలను వేదికలకు చేరవేసే సంస్థ, ద్వారా వెళుతుంది. వారు నింపమనే ఫారంలోనే చాలా తగాదాలు మొదలవుతాయి. గీత రచయిత, స్వరకర్త అన్న గళ్లలో మీ పేరు రాసుకోవాలని అనిపిస్తుంది; సంప్రదాయ పాట అయితే "సంప్రదాయం" అనే రాయండి. పాడినవారి పేరు ప్రధాన కళాకారుల గడిలో ఉండాలి, కింద వివరణలో కాదు. భాష తెలుగు అని ఎంచుకోండి. రికార్డింగుకు దానిని గుర్తించే 12 అక్షరాల ఐఎస్‌ఆర్‌సీ సంఖ్య వస్తుంది, దానిని ఒప్పందం ప్రతి మీద రాసిపెట్టుకోండి, సొమ్ము లెక్కలన్నీ ఆ సంఖ్య మీదే నడుస్తాయి. చిన్న పాటతో పాటు పూర్తి నిడివి పాటను కూడా తప్పకుండా పెట్టండి. ఎక్కువమంది వినకపోయినా, రేపు నేర్చుకోదలచినవారికి చరణాలన్నీ దొరకాలి. విడుదలకు ముందు ఊరిలో ఒక సాయంత్రం అందరికీ వినిపించండి. అభ్యంతరాలుంటే అప్పుడే బయటపడతాయి, సరిదిద్దుకునే వ్యవధి ఉంటుంది.

సొమ్ము గురించి పెద్ద ఆశలు కల్పించకండి. యూట్యూబులో ప్రకటనల ఆదాయం రావాలంటే 1,000 మంది చందాదారులు, దానితో పాటు గడచిన 12 నెలల్లో 4,000 గంటల వీక్షణ గాని, 90 రోజుల్లో కోటి షార్ట్స్ వీక్షణలు గాని ఉండాలి. సొంతంగా పాటలు కట్టేవారు 1969లో ఏర్పడిన ఐపీఆర్‌ఎస్ అనే రచయితల, స్వరకర్తల హక్కుల సంఘంలో సభ్యులుగా చేరితే తమ రచనకు, వరసకు రాయల్టీ పొందవచ్చు. గాయకులకు, వాద్యకారులకు ఇసామ్రా (ఇదివరకటి పేరు ఇస్రా) అనే సంఘం ఉంది. సంప్రదాయ పాటను తమ రచనగా ఐపీఆర్‌ఎస్‌లో నమోదు చేసుకోవడం మాత్రం ఊరిని దోచుకోవడమే. మూడు నెలలకొకసారి, వచ్చింది ఎంత తక్కువైనా, లెక్కను పాడినవారికి చదివి వినిపించండి.

పాటను మరొకరు తీసుకున్నప్పుడు

మీ రికార్డింగునే ఎవరైనా ఎత్తి పెట్టుకుంటే, ముందు మర్యాదగా రాయండి, జవాబు రాకపోతే యూట్యూబులోనే తొలగింపు కోరండి. అసలు ఫైలు, అందులోని పేరు చెప్పిన ముక్క, సంతకాల కాగితం మీ సాక్ష్యాలు. కొన్నిసార్లు దీనికి వ్యతిరేకంగా జరుగుతుంది: పెద్ద కంపెనీ అదే సంప్రదాయ పాటను తన గాయకురాలితో పాడించి విడుదల చేస్తే, మీ వీడియో మీదనే కంటెంట్ ఐడీ దావా రావచ్చు. భయపడి వీడియో తీసివేయకండి. పాట సంప్రదాయానిది, రికార్డింగు మీది అని వివరిస్తూ అభ్యంతరం దాఖలు చేయండి. జవాబివ్వడానికి అవతలివారికి 30 రోజుల గడువు ఉంటుంది, ఈలోగా వారు స్పందించకపోతే దావా తొలగిపోతుంది.

మీ పాట కూడా ఇంకొకరికి ఇదే ఇబ్బంది కలిగించవచ్చు. డిస్ట్రిబ్యూటర్ ఫారంలో కంటెంట్ ఐడీకి సమ్మతి అడిగే గడి ఒకటి ఉంటుంది. మీరు దానిని ఎంచుకుంటే, ఏ పాతపట్నంలోనో మెళియాపుట్టిలోనో మరొక అవ్వ పాడిన అదే పాట మీద మీ పేరున దావా పడే ప్రమాదం ఉంది. సంప్రదాయ పాటలకు ఆ గడిని ఖాళీగా వదిలేయండి. ఇప్పటికే ఎంచుకొని ఉంటే, అటువంటి దావా కనబడిన రోజునే దానిని వదులుకుంటున్నట్లు డిస్ట్రిబ్యూటర్‌కు రాసి, ఆ పాడినవారికి మీరే ఫోను చేసి విషయం చెప్పండి.